సుంకమ్మ జరగలేదు

ఫోటోలు తీసే ఉరుకుందుకు వచ్చిపడ్డ చిక్కు ఇది. నలభై నాలుగు మందిని నిలబెట్టి ఫోటో తీస్తే, కాగితం మీదికి నలభై రెండున్నర మందే వచ్చారు.

సగం వచ్చినవాడు కుడి చివర నిలబడ్డ వాచ్‌మన్ మారెప్ప. అసలే రానిది ఎడమ చివర నిలబడ్డ సుంకమ్మ.

ఆదోనిలో ఒక పాత పత్తి మిల్లు మూతపడుతోంది. యంత్రాలు లారీలెక్కి వేరే ఊరికి పోతున్నాయి. శనివారం ఉదయం ఎనిమిదికి ఆఖరి సైరన్. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. కొందరు గుంతకల్లుకు, కొందరు బళ్లారికి, చాలామంది ఎక్కడికో వాళ్లకే తెలీదు. విడిపోయే ముందు అందరూ కలిసి ఒక ఫోటో దిగాలని, తలా ఒక కాపీ ఇంట్లో పెట్టుకోవాలని ముచ్చటపడ్డారు. నూర్ స్టూడియోకు కబురు పెట్టారు.

నూర్ స్టూడియో అంటే దస్తగిరి సాబు. డెబ్బై రెండేళ్ల మనిషి. ఆదోనిలో సగం పెళ్లిళ్లు ఆయన కంటి ముందే జరిగాయి. మాట పొదుపు. ఎవరైనా పది మాటలు అడిగితే ఒక మాట చెప్పేవాడు, అది కూడా మరుసటి రోజు. మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాక బయటి పనులన్నీ శిష్యుడికి వదిలేశాడు.

ఆ శిష్యుడే ఉరుకుందు. ఎనిమిదేళ్లుగా సాబు దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిది, కన్ను ఇంకా మంచిది. నోరు మాత్రం ఆ రెంటికంటే నాలుగడుగులు ముందుంటుంది. టీ అంగడి దగ్గర నలుగురు కనబడితే చాలు, కెమెరా సెన్సర్ల మీద ఉపన్యాసం మొదలు. "సెన్సర్ చిన్నదైతే ఫోటో ఒకటిన్నర రెట్లు దగ్గరైనట్టు వస్తాదప్పా" అంటూ గాల్లో వేళ్లతో చదరాలు గీసేవాడు. వినేవాళ్ల టీ చల్లారేది గానీ అతని ఉపన్యాసం చల్లారేది కాదు.

అన్నీ ఉన్నా అతనికి ఒక వెలితి. స్టూడియోలో చేరిన రోజు వచ్చిందంటే చాలు, ఏటా అడిగేవాడు: "ఉస్తాద్, ఇయ్యాలన్నా మీ ఫోటో ఒకటి తీసుకుంటా."

ఏటా ఒకటే జవాబు. "నీ ఫోటోలో నాకింకా జాగా లేదులే."

పనితనం ఇంకా చాలలేదు కాబోలు అనుకుని ఉరుకుందు మరింత పట్టుగా పని చేసేవాడు.

రెండేళ్ల కిందట అతను ఒక డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరా సంపాదించాడు. ఈ జాతి కెమెరాలో లెన్సులోంచి చూడరు. లెన్సుకు పైన, పక్కగా ఒక చిన్న కిటికీ ఉంటుంది, కన్ను అక్కడ పెట్టాలి. అందులో తెల్లటి వెలుగు గీతలు కనిపిస్తాయి. గీతల లోపలిది ఫోటోలో పడుతుంది, బయటిది పడదు. పూర్వం ఫిల్ము ఉండే చోట దీంట్లో సెన్సర్ అనే బిళ్ల ఉంటుంది, అది ఫిల్ము కంటే చిన్నది. చిన్న బిళ్లకు తగ్గట్టే గీతలు గీసి పంపారు కాబట్టి ఉరుకుందుకు ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. కెమెరా లెక్క కట్టింది, పేరు ఇతనికి వచ్చింది.

మిల్లు ముందు జాగా ఇరుకు. గేటు ముందు మనుషుల్ని నిలబెట్టి ఆరు అంగలు వెనక్కి వేస్తే పత్తి బేళ్ల వరుస వీపుకు తగులుతుంది. ఆ సంగతి తెలిసిన సాబు, బీరువాలోంచి తన పాత వెడల్పు లెన్సు తీసి ఇచ్చాడు. అంత వెడల్పు కెమెరా కిటికీలో పట్టదు. దాని కోసం వేరే ఫైండర్ ఉంటుంది, బొటనవేలంత అద్దాల డబ్బీ. కెమెరా నెత్తిన దాన్ని తొడిగి, అందులోంచి చూడాలి. లెన్సునూ ఫైండర్‌నూ సాబు ఫిల్ము రోజుల్లోనే కలిపి కొన్నాడు.

"చూసుకో" అన్నాడు ఇస్తూ.

"ఇంకేం చూసుకోవాల ఉస్తాద్? దీనికది, దానికిది. మొగుడూ పెళ్లాం మాదిరి జోడీ" అని నవ్వుతూ వెళ్లాడు ఉరుకుందు. ఆ జోడీ కాపురం చేయాల్సిన ఇల్లు చిన్నదన్న సంగతి అతనికి తట్టలేదు.

గురువారం పొద్దున ఫోటో. మూడు వరుసలు. సుంకమ్మ ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మిల్లులో దూది ఊడ్చే మనిషి. రేషన్ కార్డు కోసం తప్ప ఫోటో దిగి ఎరగదు. ఎర్రచీర కట్టుకుని, నూనె రాసి దువ్వుకుని వచ్చింది. మధ్యలో నిలబడితే ఒకరు కొంచెం జరగమన్నారు, అక్కడ నిలబడితే ఇంకొకరు జరగమన్నారు. అలా జరిగి జరిగి ఎడమ చివరికి చేరింది.

ఉరుకుందు ఆరు అంగలు వెనక్కి వేసి, బేళ్లకు వీపు ఆనించి, నెత్తిమీది ఫైండర్‌లోంచి చూశాడు. ఈ చివర సుంకమ్మ, ఆ చివర మారెప్ప, పైన మిల్లు పేరు రాసిన బోర్డు, అన్నీ ఒద్దికగా ఇమిడాయి, ఇరుపక్కలా ఇంకా కాస్త జాగా కూడా మిగిలింది. "ఎవరూ కదలొద్దు!" అన్నాడు. ఒక్కటే నొక్కు. అయిపోయింది.

ఆ కెమెరా వెనక ఫోటో చూసుకునే తెర ఉంది. దాన్ని తిప్పి లోపలికి మడిచెయ్యొచ్చు. ఉరుకుందు ఎప్పుడూ మడిచే ఉంచేవాడు. "మా ఉస్తాద్ ఫిల్ము కడిగేదాకా చూసేవాడు కాదు. తీసిన వెంటనే తెర చూసుకునేవాడు ఫోటోగ్రాఫరే కాదప్పా" అనేవాడు గర్వంగా. ఆ రోజూ తెర తెరవలేదు.

శుక్రవారం పొద్దున కాగితం మీద చూసేసరికి సుంకమ్మ లేదు, మారెప్ప సగమే ఉన్నాడు. అయితే మిల్లుకు చేరేలోపు జవాబు సిద్ధమైంది.

"అంతా బాగుంది గానీ, సుంకమ్మ యాడప్పా?" అన్నాడు మేనేజరు పంపాపతి.

"ఆయమ్మ ఆఖర్లో పక్కకు జరిగింటాది సార్."

"చెప్పినా వినరు వీళ్లు. పోనీలే, ఉన్నదాంతోనే కాపీలు కొట్టు" అన్నాడు పంపాపతి.

నాలుగు గజాల అవతల సుంకమ్మ చీపురు పట్టుకుని ఉంది. ఊడ్చే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. ఉరుకుందుకు ఆ చప్పుడు వినబడింది. వినబడనట్టు బండి ఎక్కి వచ్చేశాడు.

స్టూడియోకు వచ్చి ఫోటో సాబు చేతిలో పెట్టాడు. "చిన్న పొరపాటు ఉస్తాద్. సుంకమ్మ జరిగింది."

సాబు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోటోను కంటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఆయమ్మ జరిగిందా?"

"అవును ఉస్తాద్."

"ఈ పక్క మారెప్ప?"

"వాడూ కొంచెం జరిగినాడు."

సాబు వేలు మెల్లగా ఫోటో పైఅంచుకు పాకింది. మిల్లు పేరు రాసిన బోర్డు అక్కడ ఉండాలి. అక్షరాల అడుగుభాగాలు మాత్రం మిగిలాయి.

"బోర్డు కూడా జరిగిందా?"

ఉరుకుందు ఫోటో వెనక్కి తీసుకోబోయాడు.

అప్పుడే గడప అవతల ఎవరో దగ్గారు. సుంకమ్మ. మిల్లు నుంచి మధ్యాహ్నపు ఎండలో నడిచి వచ్చింది. నిన్నటి ఎర్రచీరే కట్టుకుంది, జుట్టులో దూది ఇంకా అలాగే ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అప్పా, ఒక మాట అడగనీకి వచ్చినా. నువ్వు కదలొద్దంటే నేను ఊపిరి కూడా బిగబట్టుకున్నా. జరగలేదనే అనుకుంటాన్నా." కొంగు వేలికి చుట్టుకుంది. "అయినా నువ్వు చదువుకున్నోడివి, మిషన్లో చూసినోడివి. నాకు తెలీకుండా జరిగింటానేమో. నిజం చెప్పు, జరిగినానా?"

ఉరుకుందుకు ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

సాబు లేచాడు. "అమ్మా, ఎదురుగా ఆ సైకిల్ షాపు మెట్టు మీద కాసేపు కూర్చుంటావా? ఇంకొక్కసారి కదలకుండా ఉండాల."

"కూర్చుంటా సామీ" అంటూ ఆమె రోడ్డు దాటింది.

సాబు బీరువా తెరిచి తన పాత ఫిల్ము కెమెరా తీశాడు. శిష్యుడి కెమెరా నుంచి వెడల్పు లెన్సు విప్పి దానికి బిగించాడు. కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఆనే చోట చిన్న బటర్ పేపరు ముక్క అతికించాడు. కెమెరాను వీధి వైపు తిప్పి కిటికీ దిమ్మె మీద పెట్టి, మీట నొక్కి పట్టి, లెన్సు వెనక ఉండే షట్టరు మూసుకోకుండా ఆపాడు. తర్వాత పాతకాలపు నల్లగుడ్డ తీసి తన తల మీద, శిష్యుడి తల మీద కప్పాడు.

లోపల చీకటి. ఆ చీకట్లో బటర్ పేపరు మీద వీధి వెలిగింది. తపాలాబిళ్ల కంటే కాస్త పెద్దదైన వీధి, అదీ తలకిందులుగా. మధ్యలో టీ అంగడి, దాని గిన్నెలోంచి కిందికి పారుతున్న ఆవిరి. ఈ పక్క ఆటో. ఆ పక్క, అంచు దగ్గర, సైకిల్ షాపు మెట్టు. మెట్టు మీద ఎర్రటి చుక్కంత సుంకమ్మ, తల కిందికి, కాళ్లు పైకి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా.

"ఆయమ్మ కనిపిస్తాందా?"

"కనిపిస్తాంది ఉస్తాద్."

"నీ కెమెరాలో బిళ్ల కొలత ఎంత?"

అలవాటైన నోరు ఆగలేదు. "ఇరవై నాలుగు ఇంటూ పదహారు మిల్లీమీటర్లు ఉస్తాద్. ఫిల్ము ముప్పై ఆరు ఇంటూ ఇరవై నాలుగు. అంటే ఒకటిన్నర..."

"చెప్పొద్దు. కత్తిరించు."

ఉరుకుందు గుడ్డలోంచి బయటికి వచ్చి, ఫోటో పేపర్లు చుట్టి వచ్చే నల్లకాగితం తీసుకుని, స్కేలు పెట్టి కొలిచి, తను చెప్పిన కొలతకు సరిగ్గా ఒక కంత కోశాడు. మిల్లీమీటరు తేడా రానీయలేదు. పనిలో అతనికి వంక పెట్టలేం.

మళ్లీ ఇద్దరూ గుడ్డ కిందికి వెళ్లారు. సాబు ఆ నల్లకాగితాన్ని బటర్ పేపరు మీద ఉంచాడు, కంత సరిగ్గా మధ్యకు వచ్చేట్టు.

టీ అంగడి అలాగే ఉంది. అంతే సైజు, అంతే ఆవిరి. ఏదీ దగ్గరికి రాలేదు, పెరగలేదు. సుంకమ్మ లేదు.

సాబు కాగితం తీశాడు. సుంకమ్మ ఉంది.

పెట్టాడు. లేదు. తీశాడు. ఉంది.

నల్లగుడ్డ అంచు పైకెత్తి ఉరుకుందు మామూలు కళ్లతో వీధిలోకి చూశాడు. మెట్టు మీద సుంకమ్మ రెప్ప కూడా వేయకుండా కూర్చుని ఉంది.

"జరిగిందా?" అన్నాడు సాబు.

ఉరుకుందు తల అడ్డంగా ఊపాడు.

"లోపలికి రాలేదా?"

"వచ్చింది ఉస్తాద్."

"వచ్చినామెకు నీ చాప చాలలేదు."

సాబు కెమెరా తలుపు మూసి, నల్లగుడ్డ మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు.

ఉరుకుందుకు అప్పుడు లెక్క అందింది. నిన్న పొద్దున ఆ ఎర్రచీర వెలుగు లెన్సు దాటి, కెమెరా లోపలికే వచ్చింది. వచ్చి, బిళ్ల పక్కన ఉన్న నల్లరేకు మీద పడి ఆరిపోయింది. గడప దాటి వచ్చిన మనిషిని పట్టుకుని, రాలేదని పదిమందిలో చెప్పాడు తను. ఒకటిన్నర రెట్లని ఊరందరికీ పాఠం చెప్పిన నోటితోనే చెప్పాడు.

రోడ్డు దాటి వెళ్లాడు.

"అమ్మా, నువ్వు జరగలేదు. తప్పు నాది."

"నిజమేనా?"

"నిజం. గోరంత కూడా జరగలేదు."

ఆమె ముఖం విప్పారింది. ఫోటో సంగతి ఎత్తలేదు. "అట్లయితే మేనేజరుకు ఒక మాట చెప్పప్పా. ముప్పై ఒక్క ఏండ్లు చేసినా. ఆఖర్న మాట విననిదాన్నని అనిపించుకుని పోవాల్నా?"

శనివారం పొద్దున ఏడుకే ఉరుకుందు మిల్లు గేటు దగ్గర ఉన్నాడు. వెనకాలే ఆటోలో సాబు వచ్చాడు. రమ్మని ఎవరూ అడగలేదు. వాచ్‌మన్ గదిలోంచి కుర్చీ తెప్పించుకుని ఒక పక్కగా కూర్చున్నాడు.

ఉరుకుందు అందరి ముందు, మేనేజరు ముందు గొంతెత్తి చెప్పాడు. "సుంకమ్మ జరగలేదు. మారెప్ప జరగలేదు. నేను తప్పు తీసినా. మళ్లీ తీస్తా."

"ఇప్పుడా? లారీలు వస్తాయి కదప్పా" అన్నాడు పంపాపతి.

"అరగంట సార్. అయితే బేళ్లు అడ్డం ఉండాయి. నాకు ఇంకో మూడంగల జాగా కావాల."

అక్కడున్నది హమాలీలు. బేళ్లు జరపడమంటే వాళ్లకు మంచినీళ్ల ప్రాయం. "ఆఖరి పని, పట్టండ్రా!" అని ఎవరో అరిచారు. పట్టుమని పది నిమిషాలు కాకముందే బేళ్ల వరుస ప్రహరీ వరకూ వెళ్లిపోయింది. మూడంగలు అడిగితే ఐదంగలు ఖాళీ చేశారు. ఆ మిల్లులో వాళ్లు చేసిన ఆఖరి పని అదే.

ఈసారి ఉరుకుందు మేనేజరును కూర్చోబెట్టే ముందు ఎడమ చివరికి వెళ్లి సుంకమ్మను నిలబెట్టాడు. తర్వాత కుడి చివర మారెప్పను. ఆ ఇద్దరి మధ్య మిగతావాళ్లను సర్దాడు. అప్పుడు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాడు. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. ఆరుకు ఒకటిన్నర రెట్లు.

పాత ఫైండర్‌లోంచి చూస్తే కంటికి చిరాకు పుట్టింది. మనుషులు నడుమ ముద్దగా ఉన్నారు. ఇటు కాటా, అటు గేటు స్తంభం, పైన బోలెడు ఆకాశం, అంతా వృథాగా కనిపించింది. ముందుకు రమ్మని కాళ్లు లాగాయి. రెండేళ్ల గర్వం కాళ్లలోనూ ఉంటుంది కాబోలు. ఉరుకుందు ఆ కాళ్లను అక్కడే నాటేశాడు.

నొక్కాడు. తెర మడిచే ఉంది.

"తెర తెరువు" అన్నాడు సాబు కుర్చీలోంచి.

"మీరెప్పుడూ చూడలేదు కదా ఉస్తాద్?"

"చూసేదానికి లేక చూడలేదురా. ఉండింటే చూడకుండా ఉందునా?"

గుంపులో నవ్వులు లేచాయి. ఉరుకుందు కూడా నవ్వి, తెర తిప్పి, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. బోర్డు ఉంది. మారెప్ప రెండు చెవులతో ఉన్నాడు. ఎడమ చివర ఎర్రచీర, నూనె రాసి దువ్విన జుట్టు, ఊపిరి బిగబట్టిన ముఖం. సుంకమ్మ నిండుగా ఉంది.

"అందరూ ఉండారా?"

"ఉండారు ఉస్తాద్. సుంకమ్మ పక్కన ఇంకా మూరెడు జాగా మిగిలింది."

"మిగిలిందా?"

దస్తగిరి సాబు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. టోపీ సర్దుకున్నాడు. గేటు వైపు మెల్లగా నడిచి, ముందు వరుసలో మేనేజరు చూపించిన కుర్చీని దాటుకుని, ఎడమ చివరికి వెళ్లాడు. సుంకమ్మ కంగారుగా లోపలికి జరగబోయింది.

"నువ్వు జరగొద్దమ్మా" అని ఆమె పక్కన, అందరికంటే చివర, నిటారుగా నిలబడ్డాడు.

ఉరుకుందు కెమెరా ఎత్తాడు. తొమ్మిదో అంగ దగ్గర నిలబడ్డవాడు, ఎవరూ చెప్పకుండానే, ఇంకొక అంగ వెనక్కి వేశాడు.